రాతినేల నెగ్రొఅమారో

కోత మొదలవ్వాల్సిన రోజు పొద్దున్నే దొర మనుషులు తోట గేటుకు గొలుసు బిగించారు.

బుట్టలు భుజాన వేసుకొచ్చిన జనం గొలుసు చూసి నిలబడిపోయారు. అందరికంటే ముందు కోజిమా ఉంది. ఆమె మొగుడు ఒరొంజో గోడకు చేరగిలబడి దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఈ తోట పెట్టిన భిక్షే.

ఒకప్పుడు ఇదంతా ముళ్ళకంప, సుద్దరాయి. "రాయి కొట్టి ద్రాక్ష పెట్టండి. కాపుకొచ్చాక సగం మీది" అన్నాడు బారన్ దొర. తొర్రెపెత్రా ఊరి జనం నమ్మారు. రాతిదుమ్ము మింగుతూ గునపాలతో రాయి పగలగొట్టి, ఆ రాళ్ళతోనే గోడలు పేర్చి, నెగ్రొఅమారో ద్రాక్ష మొక్కలు నాటారు. పందిరి అడగని జాతి అది. నడుమెత్తు పొదలా పెరిగి, రాతి సందుల్లోకి వేళ్ళు దించి, చుక్క వానలేని ఎండాకాలాన్ని ఓర్చుకుంటుంది. పండు సిరా నలుపు. వైన్ చిక్కగా దిగుతుంది, మింగాక నాలుక మీద చేదు నిలుస్తుంది. ఉత్తరాది వర్తకులు దాన్ని పీపాలకెత్తి రైల్లో పట్టుకుపోయి, తమ పలచటి వైన్‌కు రంగూ బలమూ తెచ్చుకుంటారు. పండించినవాళ్ళకు దక్కేది పిప్పి మీద నీళ్ళు పోసి పిండిన ఎర్ర నీళ్ళు.

ఇప్పుడు తోట నిండు కాపుకొచ్చింది. ఇక జనంతో పనిలేదు.

"మీ గడువు తీరింది. దొరవారి హుకుం" అన్నాడు గేటు అవతల నుంచి పెత్తందారు బ్రిజియో.

"రాయి కొట్టించేటప్పుడు గడువు మాట ఎక్కడికి పోయిందయ్యా?" అంది కోజిమా.

"పోయి కోర్టులో అడుక్కో."

"కోర్టులో కూచునేది దొర బావమరిదేగా!" వెనక నుంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు. ఆ నవ్వులో సంతోషం లేదు.

యుద్ధంలో కాలు పోగొట్టుకుని చెప్పులు కుట్టుకుంటున్న పొంపీలియో కొట్టు ముందు కూలీసంఘం కూడింది.

"తోట నరికిపారేద్దాం. మనకు దక్కనిది వాడికీ దక్కకూడదు!" అన్నారు కుర్రాళ్ళు.

"ముందు నన్ను నరకండ్రా" అన్నాడు ఒరొంజో దగ్గు ఆపుకుంటూ. "నా ఊపిరంతా అక్కడే పాతాను."

"నరకొద్దు. మన సగం ఇచ్చేదాకా మనం కొయ్యం, ఇంకొకర్ని కొయ్యనివ్వం" అన్నాడు పొంపీలియో. దానికే అందరూ చేతులెత్తారు.

కాయ పండింది, మగ్గింది, ముడతలు పడసాగింది. ఊళ్ళో బార్లీ రొట్టె అయిపోయింది. పిల్లలు గట్ల వెంట చేదు ఆకులు ఏరుకు తిన్నారు. అప్పుడొచ్చాయి దొర బళ్ళు, సముద్రపొడ్డు చిత్తడిలోని పాలూదె ఊరి ఆడకూలీలతో. వెనకే తుపాకుల పోలీసులు.

తొర్రెపెత్రా జనం గోడ దూకి ఎవరు నాటిన మొదళ్ళ దగ్గర వాళ్ళు కూర్చున్నారు. మొదటి బండి దిగినామెను చూసి కోజిమా లేచి నిలబడింది. ఆమె సొంత చెల్లెలు దొనాతా.

"ఒసేయ్, నువ్వా! నా నోటి దగ్గర కూడు లాక్కోడానికొచ్చావటే?"

"నీకు నోటి దగ్గరిదాకా అన్నా వచ్చిందక్కా. నా ఇంట్లో ఇద్దరు చలిజ్వరంతో మూలుగుతున్నారు. తప్పుకో."

"రేపు నీకూ ఇట్లాగే రాళ్ళిచ్చి, కాపుకొచ్చాక గెంటుతాడే!"

"ఇవ్వమను! రాళ్ళయినా కొడతాను. మాకు దోమలు తప్ప ఏమున్నాయి?"

దొనాతా ఏడుస్తూనే మొదటి గుత్తి కోసింది. కోజిమా చెయ్యెత్తింది గానీ కొట్టలేకపోయింది. చెల్లెలి మణికట్టు చీపురుపుల్లలా ఉంది.

పోలీసులు జనాన్ని ఈడ్వడం మొదలుపెట్టారు. ఒరొంజో మొదలును వాటేసుకుని వదల్లేదు. తుపాకి మడమతో ఒకడు అతని రొమ్ము మీద పొడిచాడు. మళ్ళీ పొడిచాడు. నోట్లోంచి నెత్తురు భళ్ళున వచ్చింది. కోజిమా వెళ్ళి తల ఒళ్ళో పెట్టుకునేసరికి అతని చూపు నిలిచిపోయింది.

"బావా!" దొనాతా కత్తి, బుట్ట జారవిడిచి పరుగెత్తుకొచ్చింది.

ఒక్క చెయ్యీ కదల్లేదు. ఆ తర్వాత పాలూదె ఆడవాళ్ళు ఒక్కొక్కరే బుట్టలు దించి, శవానికీ తుపాకులకూ మధ్య వచ్చి నిలబడ్డారు. ఆ జనాన్ని చూసి పోలీసులు అదనపు బలగం కోసం వెనక్కి తగ్గారు.

"అక్కా, నన్ను చంపెయ్యి" అంది దొనాతా.

కోజిమా మొగుడి కళ్ళు మూసింది. తల కింద పెట్టి లేచింది. "కత్తి తియ్యి. కొయ్యి. వాడి తొట్టికి కాదు, మన తొట్టికి."

రెండూళ్ళూ కలిసి కోశాయి. ఒరొంజోను ఇంట్లో పడుకోబెట్టి, ఆ పెరట్లోని రాతి తొట్టిలోనే ఆడవాళ్ళు పండు తొక్కారు. మామూలుగా పాటతో తొక్కే కాళ్ళు ఆ రోజు ఏడుపుతో తొక్కాయి. గెలిచామని ఎవరూ అనుకోలేదు. సైన్యం వస్తుందని అందరికీ తెలుసు. ఎవరూ తొట్టిలోంచి బయటికి రాలేదు.

సైన్యం వచ్చింది. పొంపీలియోను కర్రతో సహా ఎత్తి బండిలో పడేశారు. ఆడవాళ్ళ చేతులు తాళ్ళతో కట్టి, పట్నం జైలుకు కాలినడకన తోలారు. మొగుణ్ణి మట్టి చెయ్యనివ్వమని కోజిమా అడిగింది. ఒప్పుకోలేదు.

దారి పొడవునా ద్రాక్షతోటలే, ప్రతి తోటకూ ఒక దొరే. మోకాళ్ళ దాకా నల్లటి రసం ఎండిన కాళ్ళతో వాళ్ళు నడుస్తుంటే, కోతలో ఉన్న కూలీలు పని ఆపి గోడల దగ్గరికొచ్చారు.

"ఎవరి పండమ్మా తొక్కారు?" అడిగిందొక ముసలామె.

సైనికుడు "నోర్ముయ్!" అని అరిచాడు. జవాబు దొనాతా చెప్పింది.

"మాది!"

ముసలామె తన బుట్ట నేల మీద పెట్టింది. పక్క వరసలో ఇంకొకరు పెట్టారు. వెనక పెత్తందారు అరుస్తున్నాడు. ఎవరూ వంగి అందుకోలేదు.