పాలపొడి సాక్ష్యం

కూతురు గోపమ్మ కాన్పులో చనిపోయిన నలభయ్యో రోజున సైదమ్మ మనవరాలిని భుజాన వేసుకుని పాస్టరు జానయ్య ఇంటికి వెళ్లింది. పిల్ల ఏడుపు అప్పటికే సన్నబడిపోయింది. గంజినీళ్లు ఎన్ని పోసినా కక్కేస్తోంది.

అది పందొమ్మిది వందల అరవై ఆరో సంవత్సరం. హుజూర్‌నగర్‌కు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో రెండేళ్లుగా వానల్లేవు. కూలి పనులు ఆగిపోయాయి. మాదిగగూడెంలో పొయ్యి వెలుగుతోందంటే అది మిషను వాళ్లు పంపే మక్కపిండి, పాలపొడి వల్లనే. ఆ బస్తాలను జానయ్య చర్చి పక్క గదిలో పెట్టి తాళం వేసేవాడు. ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్లకే పంచేవాడు.

"నెల నెలా నీకొక డబ్బా ఇప్పిస్త సైదమ్మా" అన్నాడు జానయ్య. "వచ్చే ఆదివారం మిషను దొరలొస్తున్నరు. నువ్వు లేచి సాక్ష్యం చెప్పాలె. యేసును నమ్ముకున్నంక నాకు ఏ లోటు రాలేదు, నా ఇల్లు సల్లగుంది అని చెప్పు. గంతే."



"ఏ లోటు రాలేదా? నా బిడ్డ సచ్చి నలభై దినాలైంది అయ్యగారు!"

"ఆ ముచ్చట తియ్యకు. దీవెన పొందినోళ్లను సూడనీకె వస్తున్నరు వాళ్లు."

"నేను చెప్పకుంటే?"

జానయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "విశ్వాసం తక్కువున్న ఇంట్లనే గిసొంటి చావులైతయని జనం అనుకుంటరు. నేను ఆపలేను గద."

ఆ మాటకు సైదమ్మ ఒళ్లంతా మండిపోయింది. అక్కడే ఏమైనా అనేసేది. భుజం మీద పిల్ల కదిలింది. నోరు మూసుకుని వచ్చేసింది.

ఆడబిడ్డ సత్తమ్మ గడప దగ్గరే ఎదురైంది. సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"రెండు మాటలే గద వదినె! నేను చెప్పలేదా పోయిన్నెల, మా మ్యాక దేవుని దయతోని బతికిందని? సంచెడు మక్కపిండి ఇచ్చిండు. పిల్ల మొకం చూసన్న చెప్పు."

"నువ్వు మ్యాక కోసం నమ్మినవు. నేను దేనికోసం నమ్మిన్నో నీకెరుకేనా?"

సత్తమ్మకు తెలియదు. సైదమ్మ ఎవరికీ చెప్పుకోలేదు. పదమూడేళ్ల కిందట ఊరూరా తిరిగి యేసు సంగతి చెప్పే ఐలేశం అనే ముసలి ఉపదేశి నడుచుకుంటూ గూడేనికి వచ్చాడు. ఆయన సైదమ్మ ఇంట్లో చిరిగిన చాప మీద కూర్చుని, ఆమె కుండలో నీళ్లు అడిగి తాగాడు. ఇస్తానని ఏదీ చెప్పలేదు. ఒక దేవుడి కథ చెప్పాడు. ఆ దేవుణ్ణి పెద్దమనుషులంతా కలిసి ఊరవతలకు ఈడ్చుకుపోయి చంపారట. చచ్చేముందు దాహమన్నాడట. ఊరవతల! పటేలు వాకిట్లో చెప్పులు చేతబట్టుకుని నిలబడే సైదమ్మకు గుండెలో ఏదో కదిలింది. దేవుడనేవాడు తమ వైపే, తమ గూడెం వైపే చచ్చిపోయాడు. ఆ దేవుడి దగ్గర కూర్చోవాలనిపించింది. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

ఇప్పుడు జానయ్య ఆ దేవుణ్ణి పాలడబ్బాకు తూకం వేస్తున్నాడు. ఇంకా మంట ఏమిటంటే, ఆ డబ్బా తనకు కావాలి. పిల్ల బతకాలంటే కావాలి. ఆ వారమంతా సైదమ్మ జానయ్య మీద, తన మీద, పైనున్న వాడి మీద పళ్లు నూరుతూనే ఉంది.

ఆదివారం జీపు వచ్చింది. అందులోంచి ఒక దొరసాని, మెడలో కెమెరా వేసుకున్న పడుచు దొర దిగారు. వాళ్లు చూడాలని జానయ్య చర్చి ముందర గంగాళం నిండా పాలు కలిపించి పెట్టాడు. కంచె అవతల ఎప్పటిలాగే దూది ఏకే హమీద్ భార్య అన్వరీ బేగం ఇద్దరు పిల్లలతో నిలబడి ఉంది. వాళ్లు చర్చికి రారు కాబట్టి వాళ్లకు పాలు లేవు.

పాటలయ్యాక జానయ్య పిలిచాడు. సైదమ్మ పిల్లతో సహా లేచి నిలబడింది.

"నా బిడ్డ సచ్చిపోయింది" అంది గట్టిగా. "ఇల్లు సల్లగ లేదు. అగ్గి లెక్కుంది. మీరు పంపిన పాలు మంచియే, మీకు దండం. అవి ఆకలైనోళ్లందరికి పొయ్యుండ్రి. కంచెవతల తురకోళ్ల పిల్లలున్నరు, వాళ్లకూ పొయ్యుండ్రి. గానీ పాలు చూపెట్టి యేసును నమ్మమనకుండ్రి. పాల కోసం నమ్మినోడు పాలైపోంగనే పోతడు. నాకు ఆయన కావాలె. ఆయన ఇచ్చేటియి కాదు!"

 జానయ్య దొరసాని వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. దొరసాని ముఖం విప్పారింది. చేతులు జోడించి సైదమ్మకు నవ్వుతూ తలూపింది. పడుచు దొర ఫోటో తీశాడు.

సైదమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కానీ తాను చెప్పిన మాటలకు ఎవరూ అలా నవ్వరని తెలుసు.

"ఏం చెప్పినవ్ అయ్యగారు? నేనన్నది చెప్పినవా?"

"కూసో సైదమ్మా" అన్నాడు జానయ్య, నవ్వు చెదరకుండా.

ఆమె కూర్చోలేదు. నేరుగా బయటికి నడిచింది. గంగాళంలోని పెద్ద చెంబు తీసి నిండా ముంచింది. కంచె దగ్గరకు పోయి, "అన్వరీ, గిలాస పట్టు!" అని అరిచింది. అన్వరీ బేగం భయంతో చర్చి వైపు చూసింది. పిల్లలు చూడలేదు. దోసిళ్లు పట్టారు. సైదమ్మ పోసింది. సగం పాలు మట్టిపాలయ్యాయి.

వెనక కెమెరా మళ్లీ క్లిక్కుమంది. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు వాళ్లు. దొరసాని చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు విని సైదమ్మకు ఏడుపొచ్చింది.

జీపు పోయాక జానయ్య ఆమెకు ఆరు నెలలు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వనన్నాడు. పాలపొడి మాట ఎవరూ ఎత్తలేదు.

గొర్లు, మేకలు కాసే బీరన్న తన మంద దగ్గర పెంట ఎత్తితే పూటకో గిలాస మేకపాలు ఇస్తానన్నాడు. సైదమ్మ రోజూ ఎత్తింది. పిల్ల బక్కగానే ఉన్నా బతికింది. "సూసినవా, దేవుడే ఇచ్చిండు" అంది సత్తమ్మ. "మ్యాక ఇచ్చింది" అంది సైదమ్మ.

చర్చికి మాత్రం మానలేదు. వెనక వరసలో కూర్చునేది. ఇంట్లో పిల్లను పడుకోబెట్టి దేవుణ్ణి తిట్టేది. "గోపమ్మను ఎందుకు తీస్కపోయినవ్? నీ తల్లి ఏడ్వలేదా నీ కోసం?" అని అడిగేది. జవాబు వచ్చేది కాదు. కానీ తిట్లన్నీ వింటూ ఎవరో ఎదురుగా కూర్చున్నట్టు, ఎంత అన్నా లేచి పోనట్టు ఉండేది. దానితో ఆమెకు కడుపు నిండినట్టయ్యేది. ఆ సంగతి సాక్ష్యంగా చెప్పమంటే ఆమెకు చెప్పడం రాదు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. మిషను బస్తాలు రావడం ఆగిపోయింది. నూట యాభై మంది కూర్చునే చర్చిలో పంటకోతల నాటికి తొమ్మిది మంది మిగిలారు. సత్తమ్మ కూడా రావడం లేదు.

ఒక ఆదివారం జానయ్య లేచి నిలబడి ఖాళీ చాపల వైపు చూశాడు.  "ఇయ్యాల ప్రసంగం లేదు. ఇండ్లకు పోండ్రి" అన్నాడు.

"ఎందుకు పోవాలె?" సైదమ్మ గొంతు వెనక నుంచి వచ్చింది. కోపం ఇంకా అలాగే ఉంది. "బస్తాలు లేకుంటే చెప్పనీకె నీకేం లేదా? మేం తొమ్మండుగురం మనుషులం కామా?"

జానయ్య తల దించుకున్నాడు. "నాకేం చెప్పాల్నో తెలుస్తలేదు సైదమ్మా."

"ఆయన సంగతి చెప్పు. గా సంగతి విననీకెనే వచ్చినం. తప్పులు పోయినా సరే, చెప్పు."

 జానయ్య వేదిక మీది నుంచి దిగి వచ్చి, వాళ్ల ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. తడబడుతూ, మధ్యలో ఆగుతూ చెప్పడం మొదలుపెట్టాడు. సైదమ్మ అతణ్ణి క్షమించలేదు. పిల్లను ఒళ్లో సర్దుకుని, ఒక్క మాటా పోనీయకుండా విన్నది.