ఫిలేమోను ఇంటి తాళంకప్ప

నేను ఒక తాళంకప్పను. కప్ప అన్నారు కదా అని తేలిగ్గా చూడకండి, అరచెయ్యి నిండే గట్టి ఇనుమును. నన్ను చేసిన పనివాడు నా కొక్కేన్ని లాగి లాగి చూసి, "ఇక దీన్ని దేవుడొచ్చినా తీయలేడు" అంటూ అట్టపెట్టెలో పడేశాడు. ఆ మాట నాకు తలకెక్కింది. చాలా ఏళ్ళు దిగలేదు.

మొదట ఒక కిరాణా వ్యాపారి బెల్లం గదికి కాపలా కాశాను. చీమలు నా కిందినుంచే బారులు తీరి వెళ్ళేవి, ఆయన మాత్రం నన్ను చూసుకుని హాయిగా నిద్రపోయేవాడు. తర్వాత ఒక హాస్టలు కుర్రాడి ట్రంకుపెట్టెకు వేలాడాను. వాళ్ళమ్మ పంపిన సున్నుండలు వచ్చిన రోజే అయిపోయాయి. ఖాళీ పెట్టెకు ఏడాది పొడుగునా తాళం వేస్తూనే ఉన్నాడు. మనుషులకు లోపల ఏముందన్నది అంత ముఖ్యం కాదని, తాళం పడిన చప్పుడు వినపడితే చాలని నాకప్పుడే అర్థమైంది.

అక్కణ్ణుంచి రేపల్లెలో పాత ఇనప సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడే ఫిలేమోను నన్ను కొన్నాడు. ఈయన బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. పెళ్ళి ఊరేగింపులో ఆయన ఊదుతుంటే ముసలాళ్ళ కాళ్ళు కూడా ఊరుకోవు. చిక్కంతా ఊరేగింపు అయ్యాకే. పెళ్ళివారు సంబరంగా చేతిలో సీసా పెడతారు. ఈయన కాదనడు. ఇంటికొచ్చేది ఫిలేమోనో, సీసానో చెప్పలేం.

ఆయన భార్య దీవెనమ్మ బస్టాండు దగ్గర సాయంత్రాలు పునుగుల బండి పెడుతుంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆ మనసూ విసిగిపోయింది. "ఇంకొక్కసారి తాగొచ్చావంటే మా సలోమక్క దగ్గరికి పోతా. మళ్ళీ రాను" అని ఖాయంగా చెప్పేసింది. ఫిలేమోను భయపడ్డాడు. ఉజ్జీవ కూటాల ప్రార్థనల్లో కన్నీళ్ళు పెట్టుకున్నాడు, కాలవలో బాప్తిస్మం తీసుకున్నాడు, తడిబట్టలు ఆరకముందే నన్ను కొనుక్కొచ్చాడు.

ఆయన వేసిన ఎత్తు ఇది. బ్రాందీ షాపు వాళ్ళ వీధి మలుపులోనే ఉంది. సాయంత్రం దీవెనమ్మ బండి తోసుకుని వెళ్ళేటప్పుడు ఈయన్ని లోపల పెట్టి, బయట గొళ్ళేనికి నన్ను వేసి, తాళంచెవి రొంటిన దోపుకుని వెళ్ళాలి. షాపు మూసేశాక తియ్యాలి. ఆవిడ నెత్తి కొట్టుకుంది, అయినా సరేనంది. ఫిలేమోను లోపల కూర్చుని క్లారినెట్ ఊదేవాడు. వీధిలోవాళ్ళు కిటికీ దగ్గర నిలబడి వినేవాళ్ళు. తాను పరిశుద్ధుడైపోయానని ఆయన మురిసిపోయాడు. ఆ పరిశుద్ధత నావల్లే కదా అని నేనూ మురిసిపోయాను.

అలా ఉండగా గుడ్ ఫ్రైడేకి ముందురోజైన పవిత్ర గురువారం వచ్చింది. ఆ సాయంత్రం గుడిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. గుడికి వెళ్ళాలంటే షాపు ముందునుంచే వెళ్ళాలి. అందుకని ఈయన వెళ్ళలేదు. ఆరాధన అయ్యాక పాస్టరు జ్ఞానానందం అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని దీవెనమ్మ వెంట ఇంటికే వచ్చారు. ఆవిడ తాళంచెవి తియ్యబోయిందో లేదో, లోపల్నుంచి ఒకటే కేక.

"తియ్యమాకే! షాపు ఇంకా కట్టెయ్యలేదు!"

అయ్యగారు చేసేది లేక కిటికీ ఊచల్లోంచి రొట్టె అందించారు. గిన్నె అందిస్తుంటే ఫిలేమోను వాసన చూసి, "అయ్యగారూ, ఇందులో మత్తేం లేదు కదండీ?" అన్నాడు. వీధి వీధంతా పకపకా నవ్వింది. అయ్యగారు మాత్రం నవ్వలేదు.

"జైల్లో ఉన్నవాళ్ళకి ఇలా ఇచ్చానయ్యా. వాళ్ళకి తాళం సర్కారు వేసింది. నీకెవరు వేశారు? ప్రభువు ప్రాణం పెట్టి తలుపు తీస్తే నువ్వు మళ్ళీ వేసుకున్నావు. రక్షణ ఈ తాళంకప్పతో వచ్చేది కాదు, మన మంచితనంతో వచ్చేదీ కాదు. ఊరికే ఇచ్చాడు. చెయ్యి చాపి తీసుకో."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఫిలేమోనుకు మాత్రం తేనెలా దిగింది. దిగడం వరకు మంచిదే. కాని మనవాడు అందులో 'ఊరికే' అన్న మాట ఒక్కటే ఏరుకుని, మిగతాదంతా అయ్యగారికే వదిలేశాడు.

ఈస్టరు వెళ్ళాక పక్క ఊళ్ళో పెళ్ళి. సందెవేళకు తూలుతూ, పాడుతూ వచ్చాడు. "ఏందే అట్టా చూస్తావు? కృప ఉందిలేవే! తాగినా ఉంటది, తాగకపోయినా ఉంటది!" దీవెనమ్మ గిరుక్కున లోపలికెళ్ళింది. బట్టలు మూటకట్టుకుని బయటికొచ్చింది, తలుపు లాగి నన్ను వేసింది, తాళంచెవి పట్టుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఈసారి ఇల్లు లోపల, ఆయన బయట. నన్ను పట్టుకుని గుంజాడు, తిట్టాడు, ఆఖరికి బతిమాలాడు. నేనేం చెయ్యను? ఊడకుండా ఉండటమే నాకు నేర్పిన విద్య. జీవితంలో మొదటిసారి నా విద్య మీద నాకే అసహ్యం వేసింది.

పొద్దున్నే అయ్యగారు టీ గ్లాసుతో వచ్చి అరుగు మీద పక్కన కూర్చున్నారు. ఫిలేమోను తలెత్తలేదు.

"ఇంక నన్ను ప్రభువు రానియ్యడండీ."

"మొన్న తాగనప్పుడు నిన్నెంత ప్రేమించాడో, ఇవాళా అంతేనయ్యా. ఆ విషయంలో రాత్రి నువ్వు కూసింది నిజమే."

ఫిలేమోను ఆశగా చూశాడు.

"కాని సంకెళ్ళు ఊడదీసినవాడికి ఎదురుగానే వెళ్ళి మళ్ళీ అవే తొడుక్కుంటే, ఆయన మనసెలా ఉంటదో ఆలోచించావా? నిన్ను ఇష్టం వచ్చినట్టు పడమని వదల్లేదు, నిలబడమని వదిలాడు. నిలబడే బలం కూడా ఆయన్నే అడుగు. ఇదిగో, ముందు టీ తాగు. తాగమని నేను చెప్పేది ఇదొక్కటే."

ఫిలేమోను వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత ముఖం కడుక్కుని సలోమక్క ఊరికి బయల్దేరాడు. అక్కడేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తలుపుకు కట్టుబడ్డవాణ్ణి. కొన్నాళ్ళకు ఇద్దరూ కలిసి వచ్చారు. దీవెనమ్మ నన్ను తీసి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

"నేనింక తాళం వెయ్యను. నీకు కాపలా కాయటానికి కాదు నిన్ను చేసుకుంది. ఇంట్లో ఉంటావో షాపుకు పోతావో నీ ఇష్టం. పోయావా, ఈసారి నువ్వొచ్చి కాళ్ళు పట్టుకున్నా నేను రాను."

ఆయన తాళంచెవి కళ్ళకద్దుకున్నాడు. సీసా బదులు మిఠాయి పొట్లం ఇప్పించమని మేళం మేస్త్రీకి ముందే చెప్పుకున్నాడు. రోజూ మోకాళ్ళూనేవాడు. పెళ్ళికి బయల్దేరుతుంటే దీవెనమ్మ జేబులో పునుగులు కుక్కేది. "నోరు పీకినప్పుడల్లా ఒకటి పడెయ్" అనేది.

కొత్త పద్ధతి పెట్టాక ఆయన వాయించిన మొదటి పెళ్ళి నాకింకా గుర్తే. నేను గొళ్ళేనికి నోరు తెరుచుకుని వేలాడుతున్నాను. దీవెనమ్మ ఆ పూట బండి తియ్యలేదు. గడపలో నిలబడి మలుపు వైపే చూస్తోంది. దూరంగా మేళం ఆగిపోయింది. కాసేపటికి క్లారినెట్ సంకన పెట్టుకుని ఫిలేమోను కనిపించాడు. సరిగ్గా షాపు ముందుకొచ్చి ఆగాడు. అదే మేళంలో డోలు వాయించే ఎజ్రా షాపు లోపల్నుంచి ఆయన చెయ్యి పట్టుకు లాగుతున్నాడు. ఆవిడ నన్ను గట్టిగా పట్టుకుంది.

ఫిలేమోను జేబులోంచి ఒక పునుగు తీసి ఎజ్రా నోట్లో పెట్టాడు. ఇంకోటి తన నోట్లో వేసుకుని, నములుతూ ఇంటివైపు నడిచాడు.

దీవెనమ్మ ఒక్క గెంతున లోపలికెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

"చూశావటే?" అన్నాడు.

"ఏంది చూసేది? నా గిన్నెల గోల నాది."

"పోవాలనిపించిందే. అబద్ధం ఎందుకు, బాగా అనిపించింది. కాని ఇంటికి రావాలని అంతకంటే ఎక్కువనిపించింది."

ఆవిడ తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ కూర్చుంది. చేతులు మసి, ముఖం తడి. నేనే మనిషినైతే అప్పుడే ఏడ్చేవాణ్ణి.

ఇప్పుడు నాకు ఒళ్ళంతా తుప్పు. తాళంచెవి ఎప్పుడో ఎక్కడో పడిపోయింది, ఎవరూ వెతకలేదు. ఎండాకాలంలో దీవెనమ్మ నన్ను డాబా మీద వడియాల గుడ్డ ఎగిరిపోకుండా బరువుగా పెడుతుంది. వడియాలు ఎక్కడికీ పారిపోవు కాబట్టి పని సుఖంగానే ఉంది. అక్కణ్ణుంచి చూస్తే సాయంత్రం వీధి దీపాలు, మలుపులో షాపు, దాని ముందు జనం, అన్నీ కనిపిస్తాయి. మా ఇంటి తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఫిలేమోను లోపలే ఉంటాడు.