కుంచె ఆగకుండా చెప్పిన మాట

పంచాయతీ ఎన్నికకు నామినేషను వేయడానికి ఆ సాయంత్రమే ఆఖరు గడువు. ఆదోనిలో కాగితం ఇవ్వాలంటే మధ్యాహ్నం పన్నెండింటి బస్సు పట్టుకోవాలి. రామన్న జేబులో కాగితం సిద్ధంగా ఉంది. అతని పేరు ప్రతిపాదించే ఓటరు సంతకం ఒక్కటే లేదు.

ఎమ్మిగనూరు పక్కనున్న ఆ నేతవాళ్ల ఊరికి గోవిందన్న ఎనిమిదేళ్లుగా ప్రెసిడెంటు. మగ్గాలకు నూలు ఇచ్చేదీ ఆయనే. ఎదురు మాట్లాడిన ఇంటికి నూలు ఆగిపోయేది. బి.ఏ. చదివిన రామన్న పోటీకి దిగుతాడని తెలియగానే, గొడవలవుతాయని పైవాళ్లకు చెప్పి, ఐదుగురికి మించి గుమిగూడరాదని దండోరా వేయించాడు.

"సభ లేకుంటే నా మాట వినేదెవరు పెద్దమ్మా?" అన్నాడు రామన్న, పొద్దున్నే పక్కింటి అంబమ్మతో.

"పడుగు కాడికి రాప్పా. పదిమంది లేకుండా గంజి ఎట్ల పెడతారు? దాన్ని గూడా నిలుపుతాడేమో సూస్తాం."

వీధి పొడవునా, మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీసి కట్టారు. దారాలకు గంజి పట్టించి, అది ఆరేలోగా రెండు వైపులా కుంచెలతో దువ్వుతూ పోవాలి. రామన్న కూడా ఒక కుంచె అందుకున్నాడు.

కానిస్టేబులు వచ్చాడు. "ఏమిది, మీటింగా?"

"మీటింగయితే నీకు కుర్సీ ఏసుందుము గదా సార్," అన్నాడు అవతలి వైపు కుంచె పట్టిన బసప్ప. "ఐదుమందితోనే చేయమంటే నువ్వూ ఒక కుంచె పట్టు."

కానిస్టేబులు నవ్వి అరుగు మీద కూర్చున్నాడు.

రామన్న గొంతు సవరించుకున్నాడు. కాలేజీలో బహుమతులు తెచ్చిన గొంతు.

"సోదరులారా! నిరంకుశత్వపు ఉక్కు సంకెళ్లను ఛేదించే చారిత్రక ఘడియ..."

కుంచె ఉన్న చెయ్యి పైకి లేచింది. కాళ్లు ఆగాయి. వెనకవాళ్లూ ఆగారు. ఎండ మాత్రం ఆగలేదు.

"దారాలు అతుక్కుంటాండాయి!" అంబమ్మ కేక వేసింది. "నా పది దినాల కూడప్పా ఇది! ఆ సంకెళ్లు యాడుండాయో గానీ, నా పడుగు బిగుసుకపాయ!"

వీధంతా నవ్వింది. నేతింట పుట్టినవాడు చేయకూడని తప్పు. రామన్న మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు తడుపుకొని ఒక్కొక్క దారం విడదీయసాగాడు. కంఠస్థం చేసిందంతా మరిచిపోయాడు. తలెత్తకుండానే మాట్లాడాడు.

"పోయినేడు మన వీధి మారెమ్మ, ఊరి బావి పూడిక ఎప్పుడు తీస్తారని గోవిందన్నను అడిగింది. మర్నాటి నుంచి ఆమె మగ్గానికి నూలు రాలేదు. ఆ పొద్దు మనమంతా తలుపులేసుకున్నాం. నేనూ ఏసుకున్నా."

అంబమ్మ కూడా పక్కన కూర్చుని దారాలు విడదీయసాగింది.

"గోవిందన్న మీద నాకు పగ లేదు. బావి సంగతి అడిగినోళ్ల కూడు పోగూడదు, అంతే. గెలుస్తానో లేదో తెలీదు. ఎదురు లేకుండా మాత్రం ఆయన్ని కూర్చోనియ్యను."

"ఉపన్యాసం మొదలాయెనే," అన్నాడు కానిస్టేబులు.

"దారాలు విడదీస్తాండా సార్."

ఆఖరి పోగు విడింది. కుంచెలు మళ్లీ కదిలాయి. పడుగు కొసకు చేరాక అంబమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆ కాగితం తియ్యి."

"నూలు ఆగిపోతాది పెద్దమ్మా."

"తెలుసప్పా. ఆగితే ఆదోనిలో పత్తి మిల్లుకు కూలికి పోతా. బస్సు పొద్దాయె, తియ్యి."

బసప్ప వంగి వీపు ఇచ్చాడు. దాని మీద కాగితం పెట్టి, మూడక్షరాలూ ఒత్తి ఒత్తి రాసింది. ఇంకా ఆరని గంజి మరక ఒకటి పక్కన పడింది.

కానిస్టేబులు లేచి వచ్చాడు. "ఎవరు సంతకం పెట్టింది? గోవిందన్న అడిగితే పేరు చెప్పాల్సొస్తాది నేను."

"చెప్పు సార్," అంది ఆమె, వీధి చివరిదాకా వినబడేలా. "అంబమ్మ అని చెప్పు."

రామన్న కాగితం జేబులో పెట్టుకొని, బస్సు కోసం పెద్ద పెద్ద అంగలు వేశాడు.