చివరి కంప్యూటర్

ఆదివారం మధ్యాహ్నం రొట్టెలు తిన్న కంచాలు ఇంట్లోవాళ్లు ఎక్కడివక్కడే వదిలి లేచారు. నాదీ కలిపి నాలుగు. ఒకదానిమీద ఒకటి పేర్చి ఎత్తుతుంటే పక్కనే టైపు చేసిన కాగితం కనిపించింది. ఎమ్మిగనూరు కాలేజీలో నా ల్యాబ్ ఉద్యోగానికి నా పేరుతో రాజీనామా. రాసింది నా భర్త మంజునాథ్. అక్కడే లెక్చరర్.

"సంతకం పెట్టు మల్లేశ్వరీ. రేపు వాడే ఇచ్చొస్తాడు," అంది మా అత్త హులిగమ్మ. "ఆదోని నుంచి దినామూ బస్సెక్కి పోతాండావు. ఈడ ఇల్లు ఎవురు సూడాల?"

"అంతకు ముందు ఇది సూడు," అంటూ మంజునాథ్ లాప్‌టాప్ నా ముందుకు తోశాడు. "వానల లెక్క మళ్లీ అరగంటకే ఆగిపోయింది. రేపు కాలేజీ పెద్దోళ్ల ముందు సూపియ్యాల."

ల్యాబ్‌లో ఎనిమిది కంప్యూటర్లు కలిసి ఆస్పరి పల్లెల వానలు లెక్కగడతాయి. విడతకొకసారి కొత్త గుంపులుగా చేరి అంకెలు పంచుకుంటాయి. గుంపులో ఏవేవి ఉన్నాయో ప్రతి కంప్యూటరూ తన మెమరీలో పెట్టుకుంటుంది. పనయ్యాక ఆ జాబితాను వదిలెయ్యాలి. లేకుంటే మెమరీ నిండి ప్రోగ్రాం చచ్చిపోతుంది. పోయిన వారం అది కనిపెట్టింది నేనే. వదిలెయ్యమని చెప్పే లైను ప్రోగ్రాంలో తనే రాస్తానన్నాడు మంజునాథ్.

రాశాడు. ఆ పని ఒక్క చివరి కంప్యూటర్‌కే అప్పజెప్పాడు.

"అన్నీ ఎందుకు? అందరిదీ ఒకటి ఊడ్చేస్తే సాలదా?" అన్నాడు.

నవ్వొచ్చింది. ఈ ఇంట్లో పెరిగినవాడికి అది తప్పుగా ఎలా కనిపిస్తుంది? మామ శేషప్ప తడి తువ్వాలు, అత్త తమలపాకు ఈనెలు, ఈయన టీ గ్లాసులు, అన్నీ వాటంతటవే మాయమవుతాయి కదా. పెళ్లైన కొత్తలో "మల్లికి సెప్పకుండానే తెలుస్తాది" అంటే పొంగిపోయినదాన్ని కూడా నేనే.

"సాలదు," అన్నాను. "అది తన దగ్గరుండేదే వదలగలదు. పక్కదాని దగ్గరుండేది దానికి కనపడను కూడా కనపడదు. ఎవరు పట్టుకున్నది వాళ్లే వదలాల."

ఆ మాట అన్నాక నాకే కొత్తగా వినిపించింది.

లైను ఎనిమిదింటికీ వర్తించేలా మార్చి, ఇంట్లోంచే నడిపించాను. గంట దాటింది. ఆగలేదు. కంచాల్లో ఎంగిలి ఎండిపోయింది.

"సూడమ్మా, పాస్!" అని మంజునాథ్ తల్లి వైపు నవ్వి, పెన్ను నా ముందు పెట్టాడు. "ఇంగ సంతకం."

"ఉద్యోగం పట్టుకున్నది నేను," అన్నాను. "దాన్ని మీరు వదల్లేరు."

కాగితం ఆయన చేతికిచ్చాను. పేర్చిన కంచాల్లోంచి మూడింటిని ఎవరు తిన్నచోట వాళ్లకే పెట్టి, నాది కడుక్కోవడానికి లేచాను.