మాననివ్వకూడని పుండు

పుండు మానకూడదని చెప్పే డాక్టరును సుగుణ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వరంగల్‌లో బట్టల దుకాణం నడిపే ఆమె పెనిమిటి రాంచందర్‌కు పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో నెత్తురు క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదు దవాఖానలో నెలనెలా సూదిమందులు ఎక్కించేవారు. వాటికి తోడు, ఒంట్లో రోగంతో పోరాడే బలాన్ని రేపాలని, టీబీ రాకుండా వేసే టీకామందును అతని తొడ మీద గీతలు గీసి రుద్దారు.

“పుండయితది, చీము గారుతది. ఏం రాయొద్దమ్మా. అది ఉంటెనే ఒంట్ల బలం లేసినట్టు,” అన్నాడు డాక్టరు.

సరేనని తలూపింది. తలూపడానికేం, పైసా ఖర్చా? ఇంటికొచ్చాక ఆ పుండు చూస్తే ప్రాణం ఉసూరుమనేది. సూదిమందులకు జుట్టంతా రాలి, తిన్నది కక్కుకుంటూ మనిషి సగమయ్యాడు. పంచె తగిలినా అబ్బా అంటున్నాడు. క్యాన్సర్‌ను ఆమె ఏమీ చేయలేదు. పుండునైతే మాన్పగలదు కదా! నలుగురు పిల్లల మోకాలి దెబ్బలు మాన్పిన చెయ్యి. పసుపు, వేపనూనె కలిపి పది రోజులు పట్టు వేసింది. పుండు మాని పక్కు రాలిపోయింది. ఆ రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మరుసటి నెల డాక్టరు తొడ చూసి ముఖం చిట్లించాడు. మళ్లీ గీతలు గీసి మందు రుద్దాడు. ఈసారి పుండు కాలేదు. ఆపై నెలా అంతే. చర్మం కందనైనా లేదు.

రాంచందర్‌ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, సుగుణ ఒక్కతే లోపలికి పోయి జరిగిందంతా చెప్పేసింది.

“నా పసుపుతోనేనా సారూ?”

“ఏమో అమ్మా. సూదిమందులకే బలం పడిపోయిందో, రోగమే ముదిరిందో. ఈ టీకా పనిచేస్తదని మాకే రూఢిగ తెల్వదు. చూస్తున్నం.”

నీదే తప్పని నాలుగు తిట్టినా బాగుండేది. తిట్లు పడితే ఏడ్చి ఊరుకోవచ్చు. ఏమో అన్నవాడి దగ్గర ఏమని ఏడవాలి?

అప్పటి నుంచి పొద్దున్నే పంచె తొలగించి చూడటం, కనిపించిన దేవుడికల్లా మొక్కడం. ఎర్రబడనీ, చీము పట్టనీ అని. మొగుడి ఒంటికి పుండు కావాలని మొక్కిన ఆడది వరంగల్ మొత్తంలో ఇంకొకతె ఉండి ఉండదు.

ఆయనకు ఇవేవీ తెలియవు. ఒక పొద్దున, తొడ మీద తడుముతున్న ఆమె చేతిని పట్టుకుని నవ్వాడు.

“ఎంత మంచిగ మాన్పినవే సుగుణా! ఈ రోగం గూడ డాక్టర్లకు గాక నీ చేతిల పెట్టి ఉంటే, ఎప్పుడో తగ్గుతుండె.”