వరసలో మొదటి డబ్బా

నా మనవరాలు యూనివర్సిటీలో రాజకీయాలు చెబుతుంది. చేయడం కాదు, చెప్పడం. మన ప్రాంతంలో ఎవరెలా పైకొచ్చారు, ఎవర్ని తొక్కి వచ్చారు, అదే దాని పాఠం. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగిస్తారు. పొడిగించాలో వద్దో వాళ్ళ హెడ్డు రాస్తాడు.

ఆయన ఈసారి దిండంత పుస్తకం ఒకటి చేతికిచ్చి, "మీ పాఠాలు మరీ ఊరి కబుర్లలా ఉన్నాయమ్మా. ప్రపంచ దృష్టి తీసుకురండి. సోమవారం నేనే వచ్చి కూర్చుంటాను. దాన్నిబట్టే పొడిగింపు" అన్నాడట. ఎక్కడో దూరదేశంలో అచ్చయిన ఆ పుస్తకంలో మా ఊరి గురించి ఒకే ఒక్క పేజీ ఉంది. ఆదివారం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే పిల్ల అది చదివి వినిపించింది. నీళ్ళాఫీసు ముందు ఆడవాళ్ళు ఖాళీ డబ్బాలు పేర్చి మూడు రోజులు రోడ్డు ఆపిన సంగతి. "నాయకుడి పిలుపునందుకుని, తమ జీవితాల్లోని శూన్యానికి సంకేతంగా ఖాళీ డబ్బాలతో" వచ్చామట.

కత్తి కింద పెట్టేశాను.

"ఎవడి పిలుపే?"

"పుస్తకంలో అలా ఉంది అమ్మమ్మా."

"వాడు వచ్చింది మూడో రోజు! ఫోటోలాయన్ని వెంటేసుకుని!"

అప్పటికి దాని తల్లి నా చంకలో పిల్ల. వీధి కుళాయికి తొమ్మిది రోజులుగా చుక్క లేదు. మా నీళ్ళు ఆఫీసర్ల ఇళ్ళవైపు తిప్పారని పదో రోజు వాల్వు తిప్పే మనిషే చెప్పాడు. ఒళ్ళు మండి, వరసలో ఉన్నవి ఉన్నట్టే డబ్బాలెత్తుకుని నీళ్ళాఫీసుకు నడిచాం. అక్కడ రోడ్డు మీద అదే వరసలో పెట్టాం. ఎందుకంటే నీళ్ళొస్తే ఎవరి వంతు వాళ్ళకుండాలిగా! సంకేతమూ లేదు, శూన్యమూ లేదు. మొదటి డబ్బా నాది. రేకు డబ్బా, పిడికి ఎర్ర గుడ్డముక్క. మూడో రోజు ఆ నాయకుడు వచ్చి, తను నిలబడ్డానికి చోటు కోసం నా డబ్బాని కాలితో పక్కకు నెట్టాడు. నెట్టిన చోటే నిలబడి ఫోటో దిగాడు. ఇదిగో, అదే ఫోటో ఈ పుస్తకంలో.

"రేపు ఇదంతా చెప్పు" అన్నాను.

"నీకేం, కోపమొస్తే ఒకపూట అన్నం మానేస్తావు. రేపు నేను నోరు జారితే ఇద్దరం రోజూ మానేయాలి."

"అయితే నన్ను కూడా వాడి కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పుకో!"

ఆ రాత్రి నేను అన్నం మానేశాను. సోమవారం పొద్దున పిల్లే నా చెప్పులు తెచ్చి ముందు పడేసింది. "పద. వెనకాల కూర్చో. నోరు మాత్రం విప్పకు."

"చూద్దాంలే" అన్నాను.

క్లాసులో నలభై మంది పిల్లలు. చివరి బల్ల మీద హెడ్డు, చేతిలో ఎర్ర పెన్ను. తలుపు పక్కన నేను. మనవరాలు గోడ మీద రెండు ఫోటోలు వేసింది. ఒకటి మాది. రెండోది అదే పుస్తకంలోంచి, సముద్రాల అవతలిది. వేరే మొహాలు, వేరే బట్టలు. రోడ్డు మీద డబ్బాలు మాత్రం అచ్చం మావే.

"ఏం కనిపిస్తోంది?" అనడిగింది.

"సంకేతం మేడమ్" అన్నాడొక పిల్లాడు. హెడ్డు తలూపాడు.

ఇక నావల్ల కాలేదు. "సంకేతం కాదు నాయనా, క్యూ! ఆ రెండో ఫోటోలో మూడో డబ్బా పిడికి గుడ్డ కట్టుంది చూడు, ఎవరూ మార్చెయ్యకుండా. ఆ పక్కన రాయుంది చూశావా? దాని మనిషి పిల్లకి పాలివ్వడానికి ఇంటికెళ్ళింది. వంతు పోకుండా రాయి పెట్టింది."

క్లాసంతా నా వైపు తిరిగింది. హెడ్డు లేచాడు. "ఎవరండీ ఈవిడ?"

"మొదటి ఫోటోలో నాయకుడి కాలి పక్కన ఒరిగిన డబ్బా ఈవిడదే సార్" అంది నా పిల్ల. "ఈ పుస్తకం రాసినాయన రెండు ఊళ్ళకీ వెళ్ళాడు. రెండు చోట్లా నాయకుణ్ణి అడిగి రాసుకున్నాడు. డబ్బాల వాళ్ళని అడగలేదు. అడిగుంటే రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే మాట చెప్పేవాళ్ళు. మీరడిగిన ప్రపంచ దృష్టి ఇదే సార్."

హెడ్డు పెన్నుకి మూత పెట్టి వెళ్ళిపోయాడు.

వారానికి కాగితం వచ్చింది. "బోధనలో ప్రపంచ దృష్టి కొరవడింది. పొడిగింపునకు సిఫారసు చేయడం లేదు."

పిల్ల ఏడవలేదు. కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. అటక మీంచి ఆ రేకు డబ్బా దింపించాను. తుప్పు పట్టి అడుగు చిల్లు పడింది. కొత్త గుడ్డముక్క కట్టి, బస్సెక్కి, తీసుకెళ్ళి హెడ్డు గది ముందు పెట్టాను.

"ఇదేంటి మామ్మా, దారికడ్డంగా?" అన్నాడు బంట్రోతు.

"వరస. మీ సారుతో మాట్లాడాలి. మొదటి వంతు నాది."

చూస్తూండగానే క్లాసులో సంకేతం అన్న పిల్లాడు వచ్చి, డబ్బా వెనక తన సంచి పెట్టాడు. దాని వెనక ఇంకో సంచి. ఆ వెనక ఒకమ్మాయి నీళ్ళ సీసా.

చప్పుడుకి హెడ్డు తలుపు తీశాడు. చూశాడు. మొహం కందగడ్డ అయింది. డబ్బా మీదికి కాలెత్తాడు.

"నెట్టండి బాబూ, నెట్టండి. అప్పుడు నెట్టినాయన్ని పుస్తకంలోకి ఎక్కించారు. మిమ్మల్నీ ఎక్కిస్తారేమో!"

పిల్లలు గొల్లుమన్నారు. ఆయన కాలు దించి తలుపేసుకున్నాడు. లోపల గడియ పడింది.

మధ్యాహ్నానికి వరస మెట్ల దాకా పోయింది. ఎవరో చెప్పినట్టున్నారు, నా మనవరాలు పరిగెత్తుకొచ్చింది. అంతా చూసి, మెట్లు దిగి, వరస చివర ఆ దిండంత పుస్తకం పెట్టింది.

"ముందుకు రావే, పని నీదేగా!" అని పైనుంచి కేకేశాను.

"వరస తప్పమంటావా అమ్మమ్మా?" అంది, అక్కడే గోడకి చేరబడి కూర్చుంటూ.