నాలో ఏం పోశారో అడగండి

నేను ఒక ప్లాస్టిక్ సీసాను. ఒంటి మీద పసుపుపచ్చని మామిడిపండు బొమ్మ. నన్ను విషపు సీసా అన్నవాళ్ళున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. నాకున్నది నోరొక్కటే, చేతులు లేవు. నాలోకి నేనై ఏదీ పోసుకోలేదు.

ఒక ఫ్యాక్టరీలో వేడిగాలి ఊది నన్ను తయారుచేశారు. మామిడి రసం నింపి, మూత బిగించి, లారీ ఎక్కించారు. ఏలూరులో ఎవరిదో పుట్టినరోజు పార్టీలో నన్ను ఖాళీ చేశారు. అక్కడితో నా పని అయిపోవాల్సింది. కానీ గట్టి సీసా కనబడితే మనిషికి పారేయడానికి మనసొప్పదు. ఆ పార్టీకి వచ్చిన ఏసోబు నన్ను కడిగి సంచిలో పెట్టుకున్నాడు. అతను ఇళ్ళకు రంగులు వేస్తాడు. రంగును పలచన చేసే థిన్నరు పని దగ్గర కాస్త మిగిలితే నాలో పోసి, ఇంటికి తెచ్చి, మంచం కిందకు తోశాడు. బయట మామిడిపండు, లోపల థిన్నరు. ఈ అబద్ధం నాది కాదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఏసోబు నిద్రపోయాడు. అతని భార్య సలోమి పొయ్యి దగ్గర ఉంది. వాళ్ళ కూతురు, రెండున్నరేళ్ళ బ్లెస్సీ మంచం కిందకు పాకి, నా మూత తిప్పి, నన్ను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఒక్క గుక్క లోపలికి పోయింది. మిగిలింది గౌను మీద ఒలికింది. పిల్ల ఉక్కిరిబిక్కిరై దగ్గింది.

ఆ దగ్గు విని సలోమి పరుగెత్తుకొచ్చింది. వాసనతో ఆమెకు సంగతి తెలిసిపోయింది. అత్తగారు మార్తమ్మ గుండెలు బాదుకుంటూనే గ్లాసులో ఉప్పునీళ్ళు కలిపేసింది.

"పట్టియ్యవే! కక్కితే అంతా బయటికొచ్చేద్ది!"

సలోమి వినలేదు. అంగన్‌వాడీ గోడ మీద చూసి ఫోన్లో ఎక్కించుకున్న నెంబరు ఒకటుంది. విషం మింగినవాళ్ళకు సలహా చెప్పే కేంద్రానిది. దానికి చేసి, స్పీకరు పెట్టింది.

"అమ్మా, మా పాప థిన్నరు తాగేసిందండీ! కక్కించమంటన్నారు, కక్కించమంటారా?"

"వద్దు," అంది అవతలి ఆడగొంతు. "కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో ఏమీ పోయకండి. పాప మెలకువగా ఉందా?"

"ఉందండీ. దగ్గుతోంది."

"పెదాలు నీలంగా అయ్యాయా?"

"లేదండీ, ఎర్రగానే ఉన్నాయి."

"గౌను విప్పేసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి."

అప్పటికే మార్తమ్మ పిల్ల గడ్డం పట్టుకుని గ్లాసు నోటికి ఆనించబోతోంది. సలోమి అత్త చేతిని ఒక్క తోపు తోసింది. గ్లాసు గోడకు కొట్టుకుని నీళ్ళు నేలపాలయ్యాయి. ఆ ఇంట్లో కోడలు అత్త మీద చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి.

"దానికేవన్నా అయితే నీదే పూచీ!" అని అరిచింది మార్తమ్మ.

"నాదే అత్తా. నాదే. గ్లాసు ముట్టుకోకు."

నిద్ర లేచిన ఏసోబు, "పిల్లని చూసుకోలేవా?" అని పెళ్ళాం మీదే లేచాడు.

ఆ మాట ఫోన్లో అవతలికి వినబడింది. "అయ్యా, ఆ సంగతి తర్వాత. ముందు ఆటో పిలవండి. ఆ సీసా కూడా తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి," అంది ఆ గొంతు.

అలా నేనూ ఆటో ఎక్కాను. ఆసుపత్రిలో డాక్టరు నా మూత తీసి వాసన చూశాడు. పిల్లకు ఆక్సిజన్ పెట్టి, ఛాతీకి ఎక్స్‌రే తీయించాడు. కక్కించలేదని తెలిసి, "మంచి పని చేశారు," అన్నాడు. సలోమి అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చింది.

పక్క మంచం ఆవిడ ఊరుకోలేదు. "తల్లి కళ్ళు ఎక్కడున్నాయో!"

సలోమి కళ్ళు తుడుచుకుంది. నన్ను ఎత్తి ఆవిడ ముఖం ముందు పట్టింది.

"నా కళ్ళు పొయ్యి మీద అన్నం మీదున్నాయి. మావిడిపండు బొమ్మున్న సీసాలో థిన్నరు పోసినోళ్ళ కళ్ళెక్కడున్నాయో అడగండి."

గుమ్మం దగ్గర ఏసోబు తల వంచుకున్నాడు. కాసేపటికి వచ్చి కూతురి పాదం పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం సలోమి ఫోను మోగింది. అదే గొంతు. "పాప ఎలా ఉంది?" అని అడిగింది. ఊపిరి బాగానే ఆడుతోందని చెబితే, "తెల్లారేదాకా అక్కడే ఉంచండి," అంది.

మర్నాడు బ్లెస్సీ నవ్వుతూ ఇంటికొచ్చింది. ఏసోబు నన్ను మురిక్కాలవలోకి విసరబోయాడు. సలోమి చెయ్యి పట్టుకుంది.

"కాలవలో వేస్తే ఇంకోడు ఏరుకుంటాడు. ఇంకోటి పోస్తాడు."

నాలో మిగిలింది డాక్టరు ముందే పారబోయించాడు. ఆమె నన్ను సబ్బుతో కడిగి, పెరట్లో కూర్చుని, ఇనపచువ్వ కాల్చి నా ఒంటికి చిల్లులు పొడవడం మొదలుపెట్టింది. మార్తమ్మ చాలాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత లోపలికెళ్ళి, మంచినీళ్ళ సీసాలో తాను పోసి పెట్టుకున్న ఫినాయిల్ తెచ్చి దొడ్లో పారబోసి, ఆ ఖాళీ సీసాను కడిగి కోడలి ముందు పెట్టింది.

"దీనిక్కూడా పొడువు," అంది.

ఇప్పుడు మేమిద్దరం పాత సామాన్లవాడి గోనెసంచిలో ఉన్నాం. కొనేటప్పుడు అతను విసుక్కున్నాడు, చిల్లుల సీసాలు ఎవరిక్కావాలని. ఎవరికీ అక్కర్లేదు. అదే నాకు కావలసింది. ఇక నాలో ఎవరు ఏం పోసినా, పోసినవాడి కాళ్ళ మీదే పడుతుంది.